అమ్మాయి ఏడాది సేవా ఉద్యోగానికి షికాగో వెళ్తానంటోంది – ఇల్లు, ఖర్చు, చలి సంగతేంటి?

ఫ్రిస్కో_రాధ
మా పెద్దమ్మాయి మొన్న మేలో డిగ్రీ పూర్తి చేసింది, సైకాలజీ. డాలస్ చుట్టుపక్కలే ఉద్యోగం చూసుకుంటుందనో, మాస్టర్స్‌కి అప్లై చేస్తుందనో మేం అనుకుంటూ ఉంటే, అమెరికార్ప్స్ (సర్కారు నడిపే సేవా ప్రోగ్రామ్) కింద షికాగోలో ఒక స్కూల్లో ఏడాది పని చేస్తానని ఒప్పేసుకుని వచ్చి తీరిగ్గా చెప్పింది. ఆగస్టులో మొదలు. ఆ రోజు నుంచి వాళ్ళ నాన్న ఇంట్లో మౌనవ్రతం.

సేవ చెయ్యడం మీద నాకు అభ్యంతరం లేదు. నా గోడు వేరే. నెలకి వాళ్ళిచ్చేది చూస్తే, అద్దె కట్టాక మిగిలేది కూరగాయలకైనా వస్తుందా అని అనుమానం. ఫోన్ చేసిన ప్రతి అపార్ట్‌మెంట్ వాళ్ళూ అద్దెకి మూడు రెట్లు జీతం చూపించమంటున్నారు. మేం కో-సైన్ చేస్తామంటే, అంటే అద్దెకి పూచీ ఉంటామంటే, ఆవిడగారు ఒప్పుకోదు, "నా స్టైపెండ్‌లోనే బతుకుతా" అంటుంది. ఇన్నేళ్ళలో టెక్సాస్ దాటి ఎక్కడా ఉండలేదు. చలి అంటే తనకి తెలిసింది 2021 ఫిబ్రవరిలో కరెంటు పోయిన వారమే.

ఏ ఏరియాలో చూడాలి, కారు పంపాలా వద్దా, ఇల్లు ఎలా దొరుకుతుంది? తిట్టేవాళ్ళు తిట్టండి, తిట్టాక సలహా కూడా ఇవ్వండి.

వడదెబ్బ
2021లో మన దగ్గర కరెంటు పోతే నేను కారు హీటర్ వేసుకుని అందులోనే భోంచేశా. షికాగోలో 2019 జనవరి 30న ఓహేర్ ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 23 ఫారన్‌హీట్ పడింది. ఈ ఒక్క ముక్క అమ్మాయికి వినిపించండి, ఇల్లు వెతికే పని తప్పుతుంది.

డెవాన్_బాబాయ్
ఆ రోజు నేను ఊళ్ళోనే ఉన్నా, బతికే ఉన్నా. పిల్లని బెదరగొట్టకండి. ఇంటి సంగతి రాత్రికి రాస్తా, ఇప్పుడు డ్యూటీలో ఉన్నా.

లెక్కల_మాస్టారు
మీ వారి మౌనంలో న్యాయం ఉంది రాధ గారూ. ఇరవై రెండేళ్ళప్పుడు ఏడాది జీతం వదులుకుంటే పోయేది ఆ ఏడాది జీతమొక్కటే కాదు, తర్వాత వచ్చే హైకులన్నీ ఏడాది వెనక్కి జరుగుతాయి. సేవ చెయ్యాలని ఉంటే శనివారం ఫుడ్ బ్యాంక్‌కి వెళ్ళొచ్చు. దానికోసం ఊరు మారి, ముక్కూ మొహం తెలియని చోట వణకడం దేనికి?

సగంతెలుగు_సిద్ధు
సైకాలజీ బీఏకి మొదటి ఏడాది ఎంతిస్తారనుకుంటున్నారు మాస్టారూ? మీరు కంప్యూటర్ సైన్స్ లెక్క వేసేస్తున్నారు.

లెక్కల_మాస్టారు
ఎంతైనా సున్నా కంటే ఎక్కువే కదా.

రెడ్‌లైన్_రాకుమారి
సున్నా కాదు కాబట్టి ముందు ఆ లెక్క సరిచేద్దాం. ఈ పని నేను చేశాను, షికాగోలోనే, సౌత్ సైడ్ స్కూల్లో మూడో తరగతి పిల్లలతో.

ఫుల్‌టైమ్ అంటే 1700 గంటలు. స్కూల్ ప్రోగ్రామ్ కాబట్టి పది, పదకొండు నెలల్లో అవి నిండాలి. నిండితే చివర్లో ఎడ్యుకేషన్ అవార్డు అని ఇస్తారు. అది పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకి సర్కారిచ్చే సాయం) గరిష్ఠ మొత్తంతో సమానం, ఈ మధ్య 7,395 డాలర్లు. చదువు అప్పుకి కట్టుకోవచ్చు, మాస్టర్స్ ఫీజుకి వాడుకోవచ్చు, ఏడేళ్ళు గడువు. ఫెడరల్ అప్పులుంటే సర్వీసులో ఉన్నంతకాలం వాయిదాలు ఆపించుకోవచ్చు, టర్మ్ పూర్తి చేస్తే ఆ కాలానికి పడిన వడ్డీ కూడా అమెరికార్ప్స్ వాళ్ళ ట్రస్టే కడుతుంది. కాకపోతే ఇవేవీ వాటంతటవి జరగవు. ఆన్‌లైన్‌లో మనమే అడగాలి, మొదటి వారంలోనే అడగమనండి.

ఇక అలవెన్సు. అది జీతం కాదు. గంటకింత అని లెక్క ఉండదు, వారానికి యాభై గంటలు చేసినా, స్కూలు మూసి ఇంట్లో ఉన్నా అంతే వస్తుంది. సంవత్సరం మొత్తాన్ని సమానంగా ముక్కలు చేసి రెండు వారాలకోసారి వేస్తారు. మొదటి ముక్క పనిలో చేరాక వస్తుంది. కానీ మొదటి నెల అద్దె, మూవ్-ఇన్ ఫీజు, పరుపు, గిన్నెలు, ట్రెయిన్ పాస్, ఇవన్నీ చేరకముందే కొనాలి. మా బ్యాచ్‌లో మధ్యలో మానేసినవాళ్ళలో ఎక్కువమంది నెలనెలా చాలక మానెయ్యలేదు, మొదట్లో క్రెడిట్ కార్డు మీద పెట్టిన ఖర్చు తీర్చలేక మానేశారు. స్టైపెండ్ మీద బతకొచ్చు అక్కా, స్టైపెండ్ మీద కాపురం మొదలుపెట్టలేం. మీరు సాయం చెయ్యాలనుకుంటే ఆ ముందు ఖర్చు పెట్టుకోండి, తర్వాత చెయ్యి వెనక్కి తీసుకోండి. అమ్మాయి పంతమూ నిలుస్తుంది, మీకూ నిద్ర పడుతుంది.

ఇల్లు: పెద్ద బిల్డింగుల ఆన్‌లైన్ ఫారాలు మూడు రెట్ల జీతం లేకపోతే పేరు కూడా చూడవు. వాటి జోలికి వెళ్ళొద్దు. ఇక్కడ టూ-ఫ్లాట్, త్రీ-ఫ్లాట్ అని రెండు మూడంతస్తుల ఇటుక ఇళ్ళుంటాయి, కింద ఓనరు, పైన అద్దెవాళ్ళు. వాళ్ళు మనిషిని చూస్తారు. ఆఫర్ లెటరూ, బ్యాంకు స్టేట్‌మెంటూ పట్టుకెళ్ళి మాట్లాడితే వింటారు. ఇంకా తేలికైన దారి, లీజు నడుస్తున్న ఇంట్లో ఒకరు ఖాళీ చేస్తుంటే వాళ్ళ గదిలోకి వెళ్ళడం. ప్రోగ్రామ్ వాళ్ళు చేరబోయేవాళ్ళందరికీ ఒక గ్రూపు పెడతారు, అక్కడ రూమ్మేట్స్ దొరుకుతారు. ముగ్గురు స్టైపెండ్లు కలిస్తే ఒక ఇంటికి సరిపోతుంది.

లెక్కల_మాస్టారు
ఆ 7,395 మీద ట్యాక్స్ ఉందని చెప్పలేదేం రాకుమారి గారూ? వాడుకున్న ఏడాది ఆదాయంలో కలుపుతారు. నెలనెలా ఇచ్చే అలవెన్సు మీదా ట్యాక్స్ ఉంది. టెక్సాస్‌లో స్టేట్ ట్యాక్స్ అన్నదే లేదు, ఇల్లినాయ్‌లో 4.95 శాతం.

రెడ్‌లైన్_రాకుమారి
ఒప్పుకుంటున్నా మాస్టారూ. రాధక్కా, అందుకే బడ్జెట్ వేసేటప్పుడు ఆఫర్ లెటర్‌లో అంకె చూసి వెయ్యకండి, చేతికొచ్చేది అడిగి వెయ్యండి.

నైట్‌షిఫ్ట్_నాని
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మావాడు హెచ్-4 వీసాలో ఉన్నాడు, వీడు చేరొచ్చా?

రెడ్‌లైన్_రాకుమారి
కుదరదు. సిటిజన్లు, యూఎస్ నేషనల్స్, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా కూడా కుదరదు.

నైట్‌షిఫ్ట్_నాని
పోనీలెండి. సేవ చెయ్యాలన్న ఆలోచన వాడికింకా రాలేదు, నేనే తొందరపడ్డా.

డెవాన్_బాబాయ్
ఇప్పుడు ఇంటికొచ్చా. నేను ఇక్కడ ఇరవై ఏళ్ళుగా అద్దె ఇళ్ళలోనే ఉన్నా, ఆ అనుభవంతో చెప్తున్నా.

మొట్టమొదట అడగాల్సింది అద్దె ఎంత అని కాదు, హీటింగ్ ఎవరు కడతారు అని. పాత బిల్డింగుల్లో గదిలో ఇనప రేడియేటర్ ఉంటుంది, బాయిలర్ బేస్‌మెంట్‌లో ఉంటుంది, హీటింగ్ అద్దెలో కలిసే ఉంటుంది. రాత్రిళ్ళు టకటకమని చప్పుడు చేస్తుంది, దానికి అలవాటు పడాలి. మరికొన్ని ఇళ్ళలో మీ గ్యాసు బిల్లు మీదే. చూడ్డానికి అద్దె తక్కువగానే కనిపిస్తుంది, జనవరి బిల్లొచ్చాక అసలు అద్దె తెలుస్తుంది. స్టైపెండ్ పిల్లకి హీటింగ్ కలిసిన ఇల్లే మేలు, వంద ఎక్కువైనా సరే.

ఓనరు హీటింగ్ ఇచ్చే ఇంట్లో చలేస్తుంటే ఊరుకోనక్కర్లేదు. సిటీ రూల్ ఉంది. సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 దాకా, పొద్దున ఎనిమిదిన్నర నుంచి రాత్రి పదిన్నర వరకు కనీసం 68 డిగ్రీల ఫారన్‌హీట్, రాత్రి 66 ఉండాలి. తగ్గితే ముందు ఓనరుకి రాతపూర్వకంగా చెప్పాలి, వినకపోతే సిటీ వాళ్ళ నంబరు 311కి ఫోన్ చెయ్యాలి. గోడకి ఒక చిన్న థర్మామీటర్ తగిలించుకుంటే మాటామాటా అనుకోవాల్సిన పని లేదు, ఫొటో తీసి పంపడమే.

రెండోది, ఇక్కడ చాలామంది డిపాజిట్ అడగరు, మూవ్-ఇన్ ఫీజు అంటారు. డిపాజిట్ తీసుకుంటే దానిమీద వడ్డీ ఇవ్వాలి, లెక్క తేడా వస్తే రెండింతలు కట్టాల్సి వస్తుంది, అందుకని ఓనర్లు ఆ గొడవే పెట్టుకోవట్లేదు. కాబట్టి ఆ డబ్బు తిరిగొస్తుందని బడ్జెట్‌లో రాసుకోవద్దు.

కారు మాత్రం పంపొద్దు. డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా కొన్ని పెద్ద రోడ్ల మీద తెల్లవారుజామున మూడు నుంచి ఏడు వరకు బండి ఆపకూడదు, మంచు పడినా పడకపోయినా. టెక్సాస్ నుంచి వచ్చినవాడు బోర్డు చదవడు. పొద్దున లేచేసరికి బండి ఉండదు, 150 డాలర్ల టోయింగ్, 60 డాలర్ల టికెట్, ఆపైన రోజువారీ స్టోరేజీ. పోనీ చిన్న సందులో పెడదామంటే, మంచు తవ్వి చోటు చేసుకున్నవాడు అక్కడొక కుర్చీ వేసి వెళ్తాడు. దాన్ని డిబ్స్ అంటారు. చట్టంలో లేదు, అయినా ఆ కుర్చీ జరపడానికి ఈ ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలదు. మావాడొకడు జరిపాడు, తెల్లారి కారు నిండా గడ్డకట్టిన నీళ్ళు.

మన షాపులుండే మా డెవాన్ వీధి వైపు చూడమనండి. వెస్ట్ రిడ్జ్, రోజర్స్ పార్క్. అద్దెలు పర్వాలేదు, పప్పులూ పచ్చళ్ళూ నడిచి వెళ్ళే దూరంలో, 155 నంబర్ బస్సెక్కితే రెడ్ లైన్ ట్రెయిన్.

వడదెబ్బ
కుర్చీ సంగతి నిజమేనా బాబాయ్? మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసే పద్ధతన్నమాట.

డెవాన్_బాబాయ్
అదే. ఇక్కడ ఇస్త్రీ బల్లలు, పాత టీవీలు కూడా వేస్తారు.

గుంటూరు_టు_గ్యారీ
బాబాయ్ గారికి ఎవరేం అడిగినా డెవానే. ఆ అమ్మాయి స్కూలు సౌత్ సైడ్‌లో పడితే ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి, బడి గంట కొట్టకముందే చేరాలి. గోంగూర కోసం రోజూ మూడు గంటలు రైల్లో కూర్చుంటుందా?

డెవాన్_బాబాయ్
గోంగూర కోసం ఇండియానా నుంచి డ్రైవ్ చేసుకొచ్చేది ఎవరో నాకు తెలుసు.

గుంటూరు_టు_గ్యారీ
నెలకొక్కసారి బాబాయ్! అది తీర్థయాత్ర.

రెడ్‌లైన్_రాకుమారి
ఇద్దరి మాటా నిజమే. అసలు చిక్కేంటంటే ఏ స్కూలో ముందు తెలియకపోవచ్చు. మాకు ట్రెయినింగ్ మొదలయ్యాకే చెప్పారు, అప్పటికే అందరం లీజులు సంతకం పెట్టేశాం. అందుకని మొదటి నెల సబ్‌లెట్ (వేరేవాళ్ళు అద్దెకున్న ఇంట్లో కొన్నాళ్ళకి గది) తీసుకుని, స్కూలు తెలిశాక ఇల్లు చూసుకోవడం నయం. అది కుదరకపోతే ఏ వైపైనా ఒక్క ట్రెయిన్‌లో వెళ్ళగలిగే చోటు చూడండి. రెడ్ లైన్ ఊరి ఉత్తరం నుంచి దక్షిణం దాకా వెళ్తుంది, లైన్లన్నింట్లో రాత్రంతా నడిచేవి రెడ్, బ్లూ మాత్రమే. స్టేషన్ నుంచి ఇంటికి ఏడెనిమిది నిమిషాల నడక కంటే ఎక్కువ ఉండకూడదు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగూ ఇరవైకే పొద్దుగూకుతుంది. స్కూల్ అయ్యాక పిల్లల్ని పంపి, పేపర్లు సర్ది బయటికొచ్చేసరికి చీకటే. ఆ నడక ఏ వీధిలో, లైట్లున్నాయా లేదా అన్నది సాయంత్రం పూట వెళ్ళి చూసుకోవాలి, ఫొటోల్లో తెలియదు.

కొత్తిల్లు_కోటి
సబ్‌లెట్ అంటే జాగ్రత్త. మా తమ్ముడి రూమ్మేట్‌కి ఆన్‌లైన్‌లో బ్రహ్మాండమైన గది కనిపించింది. ఓనరు విదేశంలో ఉన్నాడట, తాళం పోస్టులో పంపుతాడట, ముందు రెండు నెలలది జెల్ యాప్‌లో డబ్బు కొట్టమన్నాడట. కొట్టాడు. అడ్రసుకి వెళ్తే అక్కడ వేరే కుటుంబం ఇరవై ఏళ్ళుగా ఉంటోంది. వాళ్ళే పాపం కాఫీ ఇచ్చి పంపారు, అలా వచ్చినవాళ్ళలో వీడు మొదటివాడు కాదట. ఎవరో ఒకరు లోపలికెళ్ళి చూడకుండా పైసా పంపొద్దు.

డెవాన్_బాబాయ్
రాధమ్మా, చూసిపెట్టేవాళ్ళు లేకపోతే నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు. ఆదివారాలు నాకు ఖాళీ, మా ఆవిడ కూడా వస్తుంది. కుళాయిలు తిప్పి, కిటికీ సందుల్లో చెయ్యి పెట్టి చూడందే ఆవిడ ఇల్లు ఒప్పుకోదు.

ఫ్రిస్కో_రాధ
మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. బాబాయ్ గారూ, మెసేజ్ పెట్టాను. హీటింగ్ సంగతి మాకసలు తట్టనే లేదు. కారు ముచ్చట ముగిసింది. రాకుమారి చెప్పినట్టు ముందు ఖర్చు మేం పెట్టుకుంటామంటే "సరే, కానీ అప్పుగా" అంది. అదే పదివేలు.

ఇంకో సందేహం. ముగ్గురు కలిసి ఉన్నా నెలాఖరుకి తిండికి కటకటే అనిపిస్తోంది నాకు. మీరెలా నెట్టుకొచ్చారు?

రెడ్‌లైన్_రాకుమారి
స్నాప్ తీసుకున్నా. అదే, ఫుడ్ స్టాంప్స్, తక్కువ ఆదాయం వాళ్ళకి తిండి కోసం సర్కారిచ్చే సాయం. ఇల్లినాయ్‌లో లింక్ కార్డు అంటారు. అమెరికార్ప్స్ అలవెన్సుని అందులో ఆదాయంగా లెక్కెయ్యరు, అందుకే మా బ్యాచ్‌లో చాలామందికి వచ్చింది. మీ అమ్మాయి సిటిజన్, వేరే కాపురం, అప్లై చేసుకోవచ్చు. ప్రోగ్రామ్ వాళ్ళని అడిగితే అలవెన్సు గురించి ఒక లెటర్ ఇస్తారు, ఇంటర్వ్యూకి అది దగ్గర పెట్టుకోవాలి.

లెక్కల_మాస్టారు
ఇదన్నమాట. ఫ్రిస్కోలో సొంతిల్లు, గరాజ్‌లో రెండు కార్లు, పిల్ల షికాగోలో ఫుడ్ స్టాంప్స్ మీద. లేనివాళ్ళ కోసం పెట్టింది ఉన్నవాళ్ళ పిల్లలు తీసుకోవడం సేవ ఎలా అవుతుందో ఎవరైనా చెప్పండి.

రెడ్‌లైన్_రాకుమారి
గరాజ్‌లో కార్లు ఆ అమ్మాయివి కాదు మాస్టారూ. వారానికి నలభై గంటలకి పైగా ఆ ఊరి పిల్లలకి చదువు చెప్తూ, ఆ ఊళ్ళో పేదవాళ్ళకి దగ్గర దగ్గరగా వచ్చే డబ్బుతో బతుకుతున్న మనిషి తను. అలవెన్సు అంత తక్కువ పెట్టిందే సర్కారు, దానికి తగ్గట్టే స్నాప్‌లో లెక్క మినహాయించింది.

గుంటూరు_టు_గ్యారీ
ఈ ఒక్క విషయంలో నేను మాస్టారి వైపు కొంచెం, రాకుమారి వైపు కొంచెం. అసలు ఈ ప్రోగ్రాములతో నా పేచీ ఇదే. వెనక అమ్మానాన్న ఉన్న పిల్లలు ధైర్యంగా చేరతారు. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లలు చేరలేరు. ఆ స్కూలున్న పేటలోనే పుట్టి పెరిగిన అమ్మాయి అదే పని ఇంకా బాగా చేస్తుంది, కానీ ఆ స్టైపెండ్‌తో వాళ్ళ ఇల్లు గడవదు.

రెడ్‌లైన్_రాకుమారి
మా టీమ్‌లో అదే పేట నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ ఇంట్లోనే ఉంటూ చేశారు, అద్దె లేదు కాబట్టే కుదిరింది. పిల్లలు మాకంటే వాళ్ళ మాటే వినేవాళ్ళు, అందులో సందేహం లేదు. అలవెన్సు పెంచాలి అన్నదే నా మాట కూడా.

ఫ్రిస్కో_రాధ
నిజం చెప్పాలంటే ఫుడ్ స్టాంప్స్ మాట విని నాకూ గుండె కలుక్కుమంది. మా అత్తగారికి తెలిస్తే ఏమంటుందో. కానీ నిర్ణయం అమ్మాయిది, తనకే వదిలేస్తా.

సగంతెలుగు_సిద్ధు
అత్తగారికి చెప్పకండి, చర్చ సమాప్తం.

నేను వేరే పాయింట్ మీద వచ్చా. 2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో గుర్తుందా? అమెరికార్ప్స్ గ్రాంట్లు దాదాపు 400 మిలియన్ డాలర్లవి ఒక్కసారిగా ఆపేశారు. ఎన్‌సీసీసీ అనే విభాగంలో పిల్లల్ని టర్మ్ మధ్యలోనే ఇళ్ళకి పంపేశారు. లీజు మీద సంతకం పెట్టిన పిల్ల సర్వీసు మధ్యలో ఆగిపోతే అద్దె ఎవరు కడతారు?

లెక్కల_మాస్టారు
ఇప్పుడు నా వైపుకొచ్చారు సిద్ధు గారు.

సగంతెలుగు_సిద్ధు
రాలేదు. వెళ్ళొద్దు అనట్లేదు, అడిగి వెళ్ళమంటున్నా. ఆ కోతల మీద రెండు డజన్ల దాకా రాష్ట్రాలు కోర్టుకెళ్ళాయి, జూన్‌లో జడ్జి ఆ రాష్ట్రాల గ్రాంట్లు తిరిగివ్వమన్నారు. ఇల్లినాయ్ ఆ కేసు వేసినవాటిలో ఉంది, మన టెక్సాస్ లేదు. చేరే ముందు ప్రోగ్రామ్ వాళ్ళని సూటిగా అడగాలి. ఈ ఏడాదికి గ్రాంటు చేతిలో ఉందా? ప్రైవేట్ విరాళాలు ఎంత భాగం? మధ్యలో ఆగితే అప్పటిదాకా చేసిన గంటలకి అవార్డులో వాటా ఇస్తారా? జవాబు మెయిల్‌లో తీసుకోండి.

ఫ్రిస్కో_రాధ
ఇది మా వారికి చూపించా. నాలుగు వారాల్లో మొదటిసారి నోరు విప్పారు. "చూశావా" అన్నారు. కానీ కాసేపటికి తనే కూర్చుని ఆ ప్రశ్నలు టైప్ చేసి అమ్మాయికి పంపారు.

క్లినిక్_కమల
ఇన్సూరెన్స్ గురించి ఎవరూ రాయలేదు. ఇరవై ఆరేళ్ళ దాకా మీ ప్లాన్‌లోనే ఉండొచ్చు కదా అని ఊరుకోకండి. మీది టెక్సాస్ హెచ్ఎంవో (తన జాబితాలోని డాక్టర్లకే డబ్బు కట్టే ప్లాన్) అయితే షికాగోలో ఎమర్జెన్సీకి తప్ప డాక్టర్లు నెట్‌వర్క్‌లో ఉండరు. బడి పిల్లల మధ్య పని అంటే మొదటి రెండు నెలలూ జలుబు, జ్వరం, గొంతు నొప్పి, ఏదో ఒకటి అంటుకుంటూనే ఉంటుంది. కార్డు వెనక నంబర్‌కి ఫోన్ చేసి "ఇల్లినాయ్‌లో మామూలు విజిట్‌కి కవర్ ఉందా" అని అడగండి. లేకపోతే ప్రోగ్రామ్ ఇచ్చే హెల్త్ ప్లాన్ తీసుకోమనండి, ఫుల్‌టైమ్ వాళ్ళకి ఆ సదుపాయం ఉంటుంది. అది కూడా చేరిన కొత్తలోనే చెప్పాలి.

రెడ్‌లైన్_రాకుమారి
కమల గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. పైగా జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంటే ఆ గంటలు లెక్కలోకి రావు, 1700లో వెనకబడతాం. అందుకని మొదట్లోనే వారానికి రెండు మూడు గంటలు ముందు ఉండేలా చూసుకోవాలి. శనివారం సేవా కార్యక్రమాలుంటాయి, వాటికి వెళ్తే నిండుతాయి. మేలో గంటలు తక్కువై ఏడ్చినవాళ్ళని చూశా.

వడదెబ్బ
మరి చలి? ఆ మైనస్ 23 దగ్గర ఎవరూ ఆగట్లేదు.

డెవాన్_బాబాయ్
కోటు డాలస్‌లో కొనొద్దు, అక్కడ దొరికేవి ఫ్యాషన్ కోట్లు. ఇక్కడికొచ్చాక అక్టోబర్‌లో కొనుక్కోమనండి, సెకండ్‌హ్యాండ్ షాపుల్లో మంచివి దొరుకుతాయి. మోకాళ్ళ దాకా ఉండాలి, టోపీ దానికే కుట్టి ఉండాలి. డబ్బు పెట్టాల్సింది బూట్లకి. కరిగిన మంచూ, రోడ్డు మీద చల్లిన ఉప్పూ కలిసి ఒక బురద అవుతుంది, అది లోపలికి దిగితే రోజంతా సాక్సులు తడే. బ్యాగులో ఒక జత పొడి సాక్సులు పెట్టుకుంటే చాలు, సగం చలి పోయినట్టే.

గుంటూరు_టు_గ్యారీ
సరస్సు గాలి మరిచారు బాబాయ్. ఇల్లు ఒడ్డు పక్కన అని మురిసిపోయి తీసుకుంటారు, ఫిబ్రవరిలో ఆ మలుపు తిరిగేసరికి కళ్ళలోంచి నీళ్ళు.

రెడ్‌లైన్_రాకుమారి
చలికి బట్టలున్నాయి. జనవరిలో ఒంటరితనానికి లేవు. క్రిస్మస్ సెలవులకి ఇంటికెళ్ళి అమ్మ వంట తిని తిరిగొచ్చిన మొదటి వారం అందరికీ మానెయ్యాలనిపిస్తుంది. మా టీమ్ ఆ నెలంతా ఆదివారం ఎవరో ఒకరింట్లో కలిసి వండుకునేవాళ్ళం. కలిసి ఉండే రూమ్మేట్స్ గురించి అంత గట్టిగా చెప్పింది అందుకే, అద్దె ఒక్కదాని కోసం కాదు.

మాస్టారు అడిగారు కదా ఏడాదికి ఊరు మారడం ఎందుకని. నాకు ఇచ్చిన పిల్లల్లో ఒకడు, గట్టిగా చదవమంటే పుస్తకం మూసేసేవాడు. మొదటి రోజే అడిగాడు, "నువ్వెన్నాళ్ళుంటావ్?" అని. కిందటేడు వచ్చిన అక్క వెళ్ళిపోయింది, అంతకుముందు అన్న వెళ్ళిపోయాడు, వాడికి లెక్క తెలుసు. జూన్ దాకా అని చెప్పా. అబద్ధం చెప్పలేదు కాబట్టో ఏమో, నెల తర్వాత నా పక్కన కూర్చుని వేలు పెట్టి ఒక్కో లైనూ చదివాడు. ఏడాదికోసారి మారిపోయే మనుషులతో ఆ పిల్లలకి ఎంత మేలో, ఎంత నష్టమో నాకిప్పటికీ తేలలేదు. మీ అమ్మాయికి చెప్పండి అక్కా, పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు, నిజమే చెప్పమనండి.

లెక్కల_మాస్టారు
దీనికి నా దగ్గర లెక్క లేదు. ట్యాక్స్ ఫారాల్లో సాయం కావాలంటే ఫిబ్రవరిలో అమ్మాయిని నాకు రాయమనండి, ఫెడరల్, ఇల్లినాయ్ రెండూ చూసిపెడతా. ఏడాది వేస్ట్ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నైట్‌షిఫ్ట్_నాని
మాస్టారు వెనక్కి తగ్గారా ముందుకొచ్చారా?

లెక్కల_మాస్టారు
పక్కకి జరిగా.

ఫ్రిస్కో_రాధ
అప్‌డేట్. ప్రోగ్రామ్ వాళ్ళ దగ్గర్నుంచి జవాబొచ్చింది, ఈ ఏడాది గ్రాంటు ఖాయమేనట, మిగతా ప్రశ్నలకీ మెయిల్‌లోనే రాసిచ్చారు. ఇన్సూరెన్స్ కమల గారు అనుమానించినట్టే ఉంది, వాళ్ళ ప్లాన్ తీసుకుంటోంది. ఆదివారం బాబాయ్, పిన్ని గారు రెండు ఇళ్ళు చూసొచ్చారు. మొదటిదాంట్లో పిన్ని గారు కిటికీ దగ్గర చెయ్యి పెట్టి వెంటనే బయటికొచ్చేశారట. రెండోది రెడ్ లైన్‌కి ఐదు నిమిషాల నడక, కింద ఓనరమ్మ ఉంటుంది, హీటింగ్ అద్దెలోనే. గ్రూపులో దొరికిన ఇద్దరమ్మాయిలు, మా అమ్మాయి కలిసి ఖాయం చేసుకున్నారు. డెవాన్‌కి మాత్రం కాస్త దూరం.

టికెట్ కూడా అయింది, రాత్రి పదకొండుకి ఓహేర్‌లో దిగుతుంది. రెండు పెద్ద సూట్‌కేసులు. బ్లూ లైన్ రాత్రంతా ఉంటుందన్నారు కదా, అందులోనే వెళ్తానంటోంది.

రెడ్‌లైన్_రాకుమారి
బ్లూ లైన్ ఉంటుంది, కానీ డౌన్‌టౌన్‌లో దిగి రెడ్ లైన్‌కి మారాలి. ఆ టైమ్‌లో రెండు సూట్‌కేసులతో మెట్లెక్కి దిగే పని పెట్టుకోవద్దు. ఆ ఒక్క రాత్రి క్యాబ్ ఎక్కమనండి. వెంట్రా కార్డు (ట్రెయిన్, బస్సు టికెట్ కార్డు) మర్నాడు స్టేషన్ మెషీన్‌లో కొనుక్కోవచ్చు.

డెవాన్_బాబాయ్
క్యాబెందుకు, నేనెళ్తా. ఏ టెర్మినలో రాసి పెట్టు రాధమ్మా. పదకొండు దాటితే మా ఆవిడ కారులోనే నిద్రపోతుంది, దానికి అమ్మాయిని కంగారు పడొద్దని చెప్పు.